కెంటకీ పాత రికార్డుల్లో ఒక మనిషి కోసం: వంశ పరిశోధన వెబ్‌సైట్లు కొన్నేళ్ళు వాడాక నా సమీక్ష

మా కోడలిది ఇండియానా. వాళ్ళ నాన్నగారి వంశంలో ఒక పెద్దాయన వర్జీనియా నుంచి కెంటకీకి, అక్కడి నుంచి ఇండియానాకి వచ్చి స్థిరపడ్డాడని ఇంట్లో చెప్పుకుంటారు. పేరు తప్ప కాగితం ముక్క లేదు. సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను, అమెరికాలో కొడుకింట్లో ఖాళీగా కూర్చోలేక ఈ పని నెత్తికెత్తుకున్నాను.

ఇలాంటి మనిషిని వెతికేవాళ్ళు జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ లెక్కలు 1790లోనే మొదలైనా కెంటకీ వరకు 1790, 1800 పుస్తకాలు మిగల్లేదు. పైగా 1850కి ముందు ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు, మిగతావాళ్ళంతా వయసుల వారీ అంకెలు.

అసలు సరుకంతా పన్ను జాబితాల్లో ఉంది. ఎన్ని ఎకరాలు, ఏ వాగు పక్కన, ఎన్ని గుర్రాలు, 21 దాటిన మగవాళ్ళు ఎందరు, ఇవన్నీ ఏటా రాశారు. వరసగా చదువుకుంటూ పోతే కొడుకు ఎప్పుడు పెద్దవాడయ్యాడో, మనిషి ఏ ఏడాది ఊరొదిలాడో తెలిసిపోతుంది. బానిసలు మాత్రం అక్కడ సంఖ్యలే. వాళ్ళ పేర్లు వీలునామాల్లో, చనిపోయినవారి ఆస్తి జాబితాల్లో కనిపిస్తాయి, పక్కనే ధరతో సహా. ఆ పేజీలు చదివిన రోజు ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు.

వీటిలో చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వంశ చరిత్రల వెబ్‌సైట్లో ఉచితం. 2024లో వాళ్ళు తెచ్చిన ఫుల్ టెక్స్ట్ సెర్చ్ పనితీరే మార్చేసింది. కంప్యూటరే పాత చేతిరాత చదివి, మన మనిషి ఎవరి దస్తావేజులోనో సాక్షిగా సంతకం పెట్టినా పట్టిస్తుంది. లోపాలూ ఉన్నాయి. పాతకాలపు పొడుగు ఎస్‌ని ఎఫ్ అనుకుంటుంది, కాబట్టి ఇంటిపేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకాలి. కొన్ని పేజీలు వాళ్ళ అనుబంధ లైబ్రరీకి వెళ్తే తప్ప తెరుచుకోవు, ఇది చిరాకు. ఇతరులు పెట్టిన వంశవృక్షాల్ని మాత్రం నమ్మకండి. ఒకే పేరున్న ఇద్దర్ని కలిపేసి, పెళ్ళికి ముందే పిల్లల్ని పుట్టించేస్తారు! కౌంటీలూ గమనించాలి. 1792లో కెంటకీ రాష్ట్రం అయినప్పుడు 9 కౌంటీలే, ఇప్పుడు 120. మన కొత్త జిల్లాల్లాగే, మనిషి కదలకపోయినా కౌంటీ మారిపోతుంది.

నాకు బాగా నచ్చింది కెంటకీ ల్యాండ్ ఆఫీస్ వెబ్‌సైట్. ఇదీ ఉచితమే. అప్పట్లో కెంటకీ వర్జీనియాలో భాగం కాబట్టి, 1779 వర్జీనియా చట్టం ప్రకారం 100 ఎకరాలకు 40 పౌండ్లు కట్టి వారెంట్ (భూమి పొందే హక్కుపత్రం) కొనుక్కోవాలి, తర్వాత ఎంట్రీ (ఫలానా నేల కావాలని నమోదు), సర్వే, చివరికి పట్టా. హద్దులన్నీ చెట్లూ వాగులే: ఫలానా తెల్ల ఓక్ నుంచి ఇన్ని పోల్స్ అని. పోల్ అంటే 16.5 అడుగులు, నాలుగు పోల్స్ ఒక గొలుసు. మన సర్వే శాఖ కొలతల పుస్తకాల్లో (ఎఫ్‌ఎంబీల్లో) లింకులు లెక్కపెట్టిన 66 అడుగుల గంటర్ గొలుసే! కాగితం మీద గీసుకున్నాను, హద్దు చక్కగా కలిసింది. కానీ పక్క పట్టా గీస్తే సగం దీని మీదే పడింది. అక్కడ వేటాడుకునే షానీ తెగ ఆదివాసుల ఊసు అసలు ఏ పట్టాలోనూ లేదు.

ఇలా ఒకే నేల ఇద్దరు ముగ్గురికి రాసిచ్చిన గొడవల్లో కెంటకీకి దారి తీసిన ప్రసిద్ధుడు డేనియల్ బూన్ అంతటివాడే భూములు పోగొట్టుకున్నాడు. అబ్రహాం లింకన్ తండ్రి 1816లో ఇండియానా వెళ్ళడానికి ఒక కారణం ఈ హక్కుల తగాదాలే. మా పెద్దాయనా ఒహాయో నది దాటి ఇండియానా చేరాడు. అక్కడ ప్రభుత్వమే ముందుగా 640 ఎకరాల చదరపు సెక్షన్లుగా కొలిచి అమ్మింది. ఆ పట్టాలు బీఎల్ఎం (అమెరికా ప్రభుత్వ భూముల శాఖ) వాళ్ళ జీఎల్ఓ రికార్డ్స్ సైట్లో నిమిషంలో దొరుకుతాయి. అయితే పట్టా తేదీని కొన్న తేదీ అనుకోకండి. 1820 దాకా అప్పు మీద అమ్మేవారు, బాకీ తీరాకే పట్టా వచ్చేది.

అమెరికా విప్లవ యుద్ధంలో (బ్రిటన్ మీద స్వాతంత్ర్య పోరు) పనిచేసినవారైతే 1832 చట్టం కింద పెట్టుకున్న పింఛను అర్జీ తప్పక చూడండి. ఎక్కడ పుట్టాడు, ఎవరి కింద పనిచేశాడు, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ ఉన్నాడు, ముసలాయన కోర్టులో చెబితే గుమస్తా రాసుకున్నదే అది. దక్షిణాది దళాల అర్జీల్ని వాలంటీర్లు టైపు చేసి సదరన్ క్యాంపెయిన్స్ సైట్లో ఉచితంగా పెట్టారు. డబ్బు కట్టే సైట్ ఒకటి కూడా వాడాను. రెన్యూవల్ గుట్టుగా లాగేసుకుంది, కొత్తగా ఏమీ దొరకలేదు.

ఆయన భార్య పుట్టింటివాళ్ళెవరో ఇంకా తేలలేదు. భూమి అమ్మినప్పుడు ఆవిడ సమ్మతి విడిగా తీసుకున్న దస్తావేజులు చూస్తున్నాను. అక్కడ సాక్షుల్లో అన్నదమ్ములు ఉండే అవకాశం ఎక్కువ.