కోరింగ మడ అడవి: పాటు చూసుకుని వెళ్తేనే పక్షులు

కోరింగ వెళ్లొచ్చి "పక్షులేం లేవండీ, నీళ్లూ చెట్లే" అనేవాళ్లు చాలామందే. వాళ్లు వెళ్లిన వేళకి నీరు నిండు పోటు మీద ఉండి ఉంటుంది. అప్పుడు బురద మేటలన్నీ మునిగిపోతాయి. వాటి మీద మేసే పిట్టలు దూరంగా ఇసుక దిబ్బల మీదికి చేరి, పాటు తీసి నీరు దిగేదాకా ఒంటికాలి మీద కునికిపాట్లు పడుతుంటాయి.

కాకినాడ నుంచి యానాం దారిలో సుమారు 18 కిలోమీటర్లు వెళ్తే కోరింగ వస్తుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బయల్దేరే ముందు కాకినాడ రేవు పోటుపాట్ల పట్టిక చూసుకోండి. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైన పడుతుంది, మర్నాడు అదే పోటు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిండు పోటు దాటిన రెండు మూడు గంటలకి చేరితే మంచిది. అప్పుడే బురద బయటపడుతుంటుంది కాబట్టి పిట్టలు నీటి అంచు వెంటే మేస్తూ కదులుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ దిగిపోతుంది. చిన్న కాలవల్లో పడవ నేల తగిలే రోజులవే, వెళ్లే ముందు సరంగుని ఒకమాట అడగండి.

ఇక్కడ అన్నిటికన్నా విలువైనది అడవిలోకి వేసిన నడకబాటే. మెల్లగా నడవండి, పది అడుగులకొకసారి ఆగండి. కింద బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి మడచెట్ల శ్వాసవేళ్లు. గాలి ఆడని బురదలో వేళ్లకి ఊపిరి అందేది వీటి నుంచే. మడ ఆకు మీద వేలితో రాసి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది, ఒంట్లో చేరిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచే బయటికి తోసేస్తుంది. తిల్లచెట్టు జోలికి మాత్రం పోవద్దు. కొమ్మ తుంచితే కారే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. పిల్లల్ని వెంట తెచ్చేవాళ్లు ముందే చెప్పి ఉంచండి.

నీటి అంచున కర్లూ పిట్ట కనబడితే కాసేపు కదలకండి. కిందికి వంగిన పొడుగాటి ముక్కుని బురదలోకి దించి పీతని లాగుతుంది, కాళ్లు రాలిపోయేదాకా విదిలించి, అప్పుడు మింగుతుంది. నల్లతల లకుముకి కాలవ మీదికి వాలిన కొమ్మల్లో నీడన కూర్చుంటుంది. అది దొరకాలంటే కళ్లకన్నా ఓపిక ముఖ్యం.

పడవ గురించి. ఇంజను చప్పుడుకి ఒడ్డున కొంగలు ముందే లేచిపోతాయి. మలుపు దగ్గర ఇంజను ఆపమని, నీటివాలున పోనివ్వమని ఎక్కేముందే మాట్లాడుకోవాలి, మధ్యలో అడిగితే కుదరకపోవచ్చు. నలుగురైదుగురు కలిసి, ఆదివారం కాని రోజు, పొద్దున్నే వెళ్తే పడవకి పెట్టిన డబ్బు గిట్టుబాటు. గుంపులో మాట్లాడుకుంటూ వెళ్లేదయితే అది షికారే అవుతుంది, అంతకి నడకబాటే నయం.

వలస పిట్టల కోసం నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. 8×42 బైనాక్యులర్లు చాలు, వాచ్ టవర్ మీంచి బురద మేటల్ని గాలించాలంటే స్కోపు (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) ఉండాలి. సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున అటు చూస్తే పిట్టలు నల్లటి నీడల్లా కనబడతాయి. ఫొటోలకి సాయంత్రపు వెలుగు మేలు. ఎండెక్కాక బురద మీద ఆవిరి ఆడుతుంది, స్కోపులో ఏదీ నిలకడగా కనబడదు.

హోప్ ఐలాండ్ వైపు వెళ్తే ఇసుక తిన్నెల మీద ఇండియన్ స్కిమ్మర్ పిట్టలు దొరకొచ్చు. పైముక్కు కన్నా కిందిముక్కు పొడుగు, ఇట్టే గుర్తుపట్టొచ్చు. గుంపంతా తలలెత్తి చూడటం మొదలుపెట్టిందంటే పడవ అక్కడే ఆపించండి. జనవరి నుంచి ఆ ఒడ్డుకే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అక్కడ రాత్రిళ్లు టార్చి వెయ్యకండి.