ఒక్కో పేరుకి ఒక్కో లైసెన్సు: పలాస జీడి ఫ్యాక్టరీలో ఐదేళ్లు వాడాక

మాది పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. లెక్కలు, స్టాకు చూసేది నేను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆఫీసు రేకులు లేచిపోయి, మూల గదిలోని సర్వర్ నిలువునా తడిసింది. నాలుగు నెలల ఎంట్రీలు మళ్లీ కొట్టుకున్నాం. ఆ దెబ్బ నుంచి తేరుకున్నాక ఓనరు గారు "ఇక మన గదిలో ఏదీ ఉంచొద్దు, క్లౌడ్‌లో పెట్టేయండి" అన్నారు. అలా 2020 చివర్లో ఒక ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్, తీసుకున్నాం. దాని పేరు ఇక్కడ అనవసరం. నేను చెప్పదలచుకున్నది దానికి డబ్బు కట్టే పద్ధతి గురించి.

అంతకుముందు మాకు తెలిసింది లెక్కలు రాసుకునే టాలీ సాఫ్ట్‌వేర్. గోల్డ్ లైసెన్సు ఒకటి కొంటే ఆఫీసు నెట్‌వర్క్‌లో ఎంతమందైనా వాడుకోవచ్చు. కొత్తదాంట్లో నేమ్డ్ యూజర్ పద్ధతి. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది. ఆయన రోజంతా వాడినా, నెలకోసారి తొంగిచూసినా, అసలు తెరవకపోయినా డబ్బు ఒకటే. రైల్లో రిజర్వేషన్ బెర్తు లాంటిది; మీరు ఎక్కకపోయినా టికెట్టు తెగినట్టే. కాంకరెంట్ అని ఇంకో పద్ధతి ఉంది. ఐడీలు ఇరవై మందికి ఇచ్చుకోవచ్చు, ఒకే సమయంలో లోపల ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. ఐదు కొంటే ఆరో మనిషి ఎవరో ఒకరు దిగేదాకా ఆగాలి.

మేం ఎనిమిది కొన్నాం. వాడాల్సినవాళ్లం పదకొండు మందిమి. తర్వాత ఏం చేశామో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, మీరూ అదే చేస్తుంటారు కాబట్టి. గోడౌన్‌లో పగలు ఒకరు, రాత్రి ఒకరు ఉంటారు. ఇద్దరికీ కలిపి 'గోడౌన్1' అని ఒకే ఐడీ ఇచ్చాం. అది పగటి మనిషి పేరు మీద ఉంది. పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కే అంటించాం. మామూలు రోజుల్లో నడిచిపోయేది. సీజన్‌లో పిక్కల (పెంకు తీయని జీడిగింజల) లోడ్లు వరుసకట్టినప్పుడు ఇద్దరూ ఒకేసారి పని చేయాల్సి వచ్చేది. ఒకరు లాగిన్ అయితే రెండోవాళ్లు సగం ఎంట్రీలో బయటికి పడేవారు. మళ్లీ లోపలికి వెళ్లి, అది సేవ్ అయిందో లేదో తెలియక ఇంకోసారి కొట్టేవారు.

2022 వేసవిలో 80 కిలోల పిక్కల బస్తాలు 14 లెక్క తేలలేదు. లాగ్ (ఎవరు ఎప్పుడు ఏం కొట్టారన్న నమోదు) తీస్తే రాత్రి పదకొండున్నరకి, పిక్కలు ఉడికించే బాయిలర్‌కి ఇచ్చినట్టు పగటి కుర్రాడి పేరు మీద ఎంట్రీ ఉంది. పిలిచి అడిగాను. "ఆ రేతిరి నాను మందసలో మా సెల్లి పెళ్లిలో ఉన్నాను సార్. పేరు నాదుంటే నానేటి సేసేది?" అన్నాడు. మూడు రోజులు తవ్వితే దొంగతనం కాదని తేలింది. ఒకే చీటీని రెండుసార్లు కొట్టారు, అంతే. బస్తాలు గోడౌన్‌లోనే ఉన్నాయి. కానీ ఆ మూడు రోజులూ అందరూ ఆ అబ్బాయిని చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడు లైసెన్సుల డబ్బు మిగిల్చానని సంబరపడ్డది నేనే.

ఆ తర్వాతి ఏడాది ఇంకోటి వచ్చి పడింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. మాది ప్రైవేట్ లిమిటెడ్. శ్రీకాకుళం ఆడిటర్ గారు ఆ రిపోర్టు చూసి, "ఈ గోడౌన్1 అంటే ఎవరండీ?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దాంతో పదకొండు మందికీ విడివిడిగా తీసుకున్నాం. బిల్లు పేలిపోతుందని టెన్షన్ పడ్డాను, పేలలేదు. ఎందుకంటే లైసెన్సుల్లో రకాలుంటాయి. మొదట్లో అమ్మకానికి వచ్చినాయన ఎనిమిదీ అన్ని పనులూ చేయగల ఫుల్ యూజర్లే అంటగట్టాడు. గోడౌన్‌లో, డిస్పాచ్‌లో పని చేసేవాళ్లకి కొన్ని పనులకే పనికొచ్చే లిమిటెడ్ చాలు, ధర సగం కంటే తక్కువ. ఐదుగురిని అందులోకి మార్చేసరికి పాత బిల్లుకి కాస్త అటూ ఇటూగా సరిపోయింది. ఇక్కడ ఒక జాగ్రత్త. స్క్రీన్‌కి ఇచ్చే అనుమతి వేరు, లైసెన్సు రకం వేరు. లిమిటెడ్ మనిషికి బిల్లు పాస్ చేసే అనుమతి ఇస్తే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవచ్చు, కానీ తర్వాత లెక్క చూసేటప్పుడు తేడా డబ్బు అడుగుతారు.

నేను చేసిన ఇంకో తప్పు. కొనుగోళ్లు చూసే అమ్మాయి మానేస్తే ఆమె ఐడీలోనే పేరు మార్చి కొత్తమ్మాయికి ఇచ్చాను. ఇప్పుడు రెండేళ్ల పాత బిల్లులన్నీ, అప్పటికి ఉద్యోగంలోనే లేని కొత్తమ్మాయి పేరుతో కనిపిస్తాయి. పాత ఐడీని ఆపేసి, ఖాళీ అయిన లైసెన్సుతో కొత్త ఐడీ తెరవాలి. మనిషి మానేస్తే లైసెన్సు ఇంకొకరికి మార్చుకోవచ్చు, పొద్దున ఒకరికి సాయంత్రం ఒకరికి అంటే కుదరదు. మైక్రోసాఫ్ట్ షరతుల్లో అయితే ఒకసారి మార్చాక మామూలుగా 90 రోజులు ఆగాలి.

వేబ్రిడ్జి, అంటే లారీలు తూచే కాటా, సంగతి కూడా చెప్పాలి. కాటా దగ్గరి ప్రోగ్రాం నుంచి బరువు నేరుగా ఈఆర్‌పీలోకి వస్తుంది. మరి కాటా ఆపరేటర్‌కి లైసెన్సు కావాలా? ఇది చిన్న ప్రశ్న కాదు. బయటి అప్లికేషన్ల ద్వారా శాప్ (SAP) అనే కంపెనీ ఈఆర్‌పీని వాడినందుకు మద్యం కంపెనీ డియాజియో డబ్బు కట్టాల్సిందేనని 2017లో లండన్ హైకోర్టు తేల్చింది. శాప్ అడిగిన మొత్తం 5 కోట్ల పౌండ్లకి పైనే. మాకు అక్కర్లేదని మా ఈఆర్‌పీ అమ్మినవాళ్లు ఫోన్‌లో అన్నారు. మెయిల్‌లో రాసి పంపేదాకా నేను వదల్లేదు.

ఈ పేరుకో లైసెన్సు పద్ధతిలో మంచి లేదని కాదు. ఓనరు గారు విశాఖ పోర్టులో ఉన్నా, ఇంట్లో ఉన్నా, ఫోన్ నుంచైనా ల్యాప్‌టాప్ నుంచైనా అదే పేరుతో అప్రూవల్ ఇస్తారు, అదనంగా కట్టేదేమీ లేదు. ఏడాది పొడవునా ఒకే మనుషులుండే ఆఫీసుకి ఇది సరైన పద్ధతే. ఇప్పుడు ఏదైనా తేడా వస్తే ఎవర్ని అడగాలో ఐదు నిమిషాల్లో తెలుస్తోంది.

మా బాధ సీజన్‌తోనే. వేసవిలో మూడు నెలలకి ఇద్దరు గుమాస్తాలు అదనంగా కావాలి. పేర్లు ఏ నెలలోనైనా పెంచుకోవచ్చు, తగ్గించుకోవాలంటే మాత్రం రెన్యూవల్ దాకా ఆగాలి. అంటే మూడు నెలల పనికి ఏడాది డబ్బు. పోయినేడు కట్టాం. ఈసారి ఆ రెండు లైసెన్సులూ కాంకరెంట్ కింద ఇస్తారా అని అమ్మినవాళ్లని అడిగాను. తమ దగ్గర ఆ పద్ధతే లేదన్నారు. నెలవారీ రేటుకి ఎంతవుతుందో కొటేషన్ పంపమన్నాను. అది వచ్చేదాకా ఆ ఇద్దరూ కాగితం రిజిస్టర్‌లోనే రాస్తున్నారు, సాయంత్రం కూర్చుని నా పేరుతో నేనే ఎక్కిస్తున్నాను.