చిల్లర డబ్బానా, ఫోన్‌పేనా, బ్యాంకా, హుండీనా: కలిసుండే ఇంట్లో ఏది మేలు?

అద్దె ఇంట్లో నలుగురు కలిసి ఉంటే పెద్ద ఖర్చుల దగ్గర గొడవలు రావు. అద్దె, కరెంటు బిల్లు, గ్యాసు, ఇవన్నీ నెల మొదట్లోనే నాలుగు వాటాలు వేసుకుని ఎవరిది వాళ్ళు పంపేస్తారు. తంటా అంతా కొత్తిమీర కట్ట దగ్గర, నీళ్ళ క్యాను దగ్గర, ఇస్త్రీ అన్నకి తక్కువపడిన ఐదు రూపాయల దగ్గర. తంటా అంటే అరుచుకోవడం కాదు, నోరు మూసుకుని మనసులో పెట్టుకోవడం, అది ఇంకా అన్యాయం. తిరుపతి బైరాగిపట్టెడలో మేము నలుగురం ఆడవాళ్ళం ఉంటాం. ఇద్దరికి ఆసుపత్రి డ్యూటీలు, ఒకమ్మాయి కోచింగ్‌కి పోతుంది, నాది ఇంటి నుంచే పని. గడప దాకా వచ్చే ప్రతి చిన్న ఖర్చూ నా చేతి మీదుగానే పోతుంది కాబట్టి ఈ విషయంలో నావి కాస్త గట్టి అభిప్రాయాలు, ముందే చెప్తున్నా.

మొదట "అసలు చిల్లర ఎందుకు, అంతా ఫోన్‌లోనే" అనేవాళ్ళ సంగతి. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. గోవిందరాజస్వామి గుడి దగ్గర మూర పూలకి కూడా స్కానర్ ఉంది, తోపుడు బండి మీద టమాటాలకీ ఉంది. ఆడవాళ్ళకైతే 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులే లేవు, కండక్టర్‌తో చిల్లర పంచాయితీ కూడా పోయింది. బిళ్ళలు దాచుకోవడానికి సగం కారణం అదే కదా, అదీ లేదు ఇప్పుడు. కానీ ఒంటరిగా ఉండేవాళ్ళకి ఫోన్ ఎంత సుఖమో, కలిసి ఉండేవాళ్ళకి అంత సుఖం కాదు. ఎందుకంటే ఖర్చు ఒకరి ఖాతాలోంచి పోతుంది, తినేది నలుగురు. పది రూపాయల కరివేపాకు కొని గ్రూపులో "తలా రెండున్నర పంపండే" అని పెట్టడానికి ఎవరికైనా మొహం చెల్లుతుందా? పెట్టరు. నెలాఖరుకి అలాంటివి ఎన్ని పోయాయో ఎవరికీ లెక్క ఉండదు, కానీ పోగొట్టుకున్న మనిషికి మాత్రం ఏదో పోయిందని తెలుస్తూనే ఉంటుంది. ఖర్చులు పంచే యాప్‌లు ఉన్నాయి, అందులో రాయొచ్చు, నిజమే. అయితే నిమ్మకాయల దగ్గర్నుంచి రాసుకుంటూ కూర్చుంటే ఇల్లు ఇల్లులా ఉండదు, ఆఫీసు అయిపోతుంది.

రెండోది, ఎవరి చిల్లర వాళ్ళ పర్సులోనే. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. బయట తిరిగేవాళ్ళ బ్యాగుల అడుగున బిళ్ళలు మూలుగుతుంటాయి, ఇంట్లో ఉండేవాళ్ళ దగ్గరేమో గడప దగ్గర మనిషి నిలబడ్డప్పుడు ఒక్క ఐదు రూపాయలు ఉండవు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

మూడోది, కిడ్డీ బ్యాంకులో నింపి ఏడాదికోసారి బ్యాంకులో వేద్దాం అనే పద్ధతి. వినడానికి బుద్ధిమంతుల మాటలా ఉంటుంది గానీ లెక్క చూడండి. 2011లో వచ్చిన రూపాయి బిళ్ళ బరువు 3.79 గ్రాములు. వెయ్యి రూపాయలు ఆ బిళ్ళల్లో దాస్తే నాలుగు కిలోలకి కాస్త తక్కువ. అదే వెయ్యి, పది రూపాయల బిళ్ళల్లో అయితే (ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు) ముప్పావు కిలో దాటి కొంచెం. ఆ సంచి మోసుకుపోతే కౌంటర్లో ఉన్నావిడ మన మొహాన్నీ సంచినీ మార్చి మార్చి చూస్తుంది. తీసుకోవాల్సిందే, రిజర్వు బ్యాంకు నిబంధన అది. రూపాయి, రెండు రూపాయల బిళ్ళల్ని తూకం వేసైనా తీసుకోవచ్చు, వందేసి చొప్పున ప్లాస్టిక్ కవర్లలో కట్టి ఇస్తే ఇద్దరికీ తేలిక అని కూడా అదే నిబంధనల్లో ఉంది. కాబట్టి పోయేవాళ్ళు వందలు కట్టుకునే పోండి. కానీ మూడు వేలు వేస్తే సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి వచ్చే వడ్డీ వంద రూపాయలు కూడా ఉండదు, పోనూ రానూ ఆటోకే సరి. పైగా మన నలుగురిలో అది ఎవరి ఖాతాలో వేయాలి? మళ్ళీ అక్కడో పంచాయితీ.

బిళ్ళలు ఎక్కువైతే బ్యాంకు కంటే వీధి చివర చిల్లరంగడి మేలు. పొద్దున పాల బేరం వేళ ఆ అన్నకి రూపాయిలు, రెండ్లు, ఐదులు దేవుడిచ్చినట్టే, లేకపోతే మనకి చాక్లెట్లు అంటగట్టేది ఆయనే కదా. ఎంచి ఇస్తే నోట్లిస్తాడు. ఇక్కడో చట్టం మెలిక ఉంది, 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపైన బిళ్ళలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకే చెల్లుతాయి, అర్ధ రూపాయి అయితే పది రూపాయల వరకే. అంతకు మించి తీసుకోను అంటే ఆయన తప్పేం లేదు. పావలాలు ఇంకా దాచుకునే పెద్దవాళ్ళుంటారు, అవి 2011 జూన్ 30 నుంచే చెల్లవు, పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేయండి.

పది రూపాయల బిళ్ళది మాత్రం వేరే కథ. ఇస్తే కొన్ని అంగళ్ళలో తీసుకోరు, "ఇది పోదు అక్కా" అంటారు. గీతలు పదా పదిహేనా, రూపాయి గుర్తు ఉందా లేదా అని తిప్పి తిప్పి చూస్తారు. ఆ గుర్తు వచ్చిందే 2010లో, అంతకు ముందు అచ్చయిన బిళ్ళమీద ఎట్లా ఉంటుంది? పద్నాలుగు రకాల డిజైన్లు ఉన్నాయి, అన్నీ చెల్లుతాయి అని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన కూడా ఇచ్చింది. చెప్పినా వినకపోతే వాదించి గెలిచేదేం లేదు, తీసుకునే అంగడికి పోవడమే.

ఇక నాలుగోది, మన ఊళ్ళో తప్పకుండా వచ్చే సలహా, "హుండీలో వేసేయండి". పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి పటం దగ్గర పెట్టుకోవడం, కొండకి పోయినప్పుడు సమర్పించుకోవడం, ఇది ఇక్కడ ఇంటింటి అలవాటు, వడ్డికాసులవాడి సొమ్ము మీద ఎవరూ చెయ్యి వేయరు కాబట్టి లెక్కలో తేడా కూడా రాదు. పరకామణిలో, అంటే కొండమీద హుండీ సొమ్ము ఎంచే చోట, మన రూపాయి బిళ్ళని కూడా వేరు చేసి ఎంచేవాళ్ళున్నారు. కానీ ఇది ఎవరికి వాళ్ళ మొక్కుగా ఉండాలి, ఇంటి ఉమ్మడి పద్ధతి కాకూడదు. మా నలుగురిలో ఒకమ్మాయి ఆదివారం చర్చికి పోతుంది. ఆమె వేసిన బిళ్ళని ఆమెని అడక్కుండా నా మొక్కులో కలిపేయడం నాకు నచ్చదు. పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో నామాలు పెట్టుకుని చెంబు పట్టుకుని గోవిందా అంటూ పిల్లలొస్తారు చూడండి, వాళ్ళకి వేసేది కూడా నా పర్సులోంచే వేస్తా.

నా ఓటు మూత లేని డబ్బాకే. తలుపు పక్కన, చెప్పుల స్టాండ్ మీద, ఓ స్టీలు డబ్బా. బయటి నుంచి వచ్చిన మనిషి జేబులో ఏమున్నా అందులో వేస్తుంది, గడప దగ్గర ఖర్చు వస్తే ఎవరున్నా తీసి ఇస్తారు, రాయడం లేదు, అడగడం లేదు. సొంత ఖర్చుకి మాత్రం తీయకూడదు. నైట్ డ్యూటీల నెలలో ఒకరు తక్కువ వేస్తారు, ఆ నెల ఇంట్లో తినేదీ తక్కువే, సరిపోతుంది. ఇంట్లో ఉన్న పాపానికి ఒక్కరే అన్నిటికీ ఇచ్చుకోవడం దీంతో ఆగుతుంది, నాకు కావాల్సింది అదే. డబ్బా సగం దాటకూడదు, దాటితే అంగడికి పంపేయాలి. ఇది దాపు డబ్బు కాదు, తిరిగే డబ్బు.

డబ్బాలో ఐదు రూపాయల బిళ్ళకే ఎక్కువ విలువ. మా వీధిలో బిళ్ళ వేస్తే నీళ్ళొచ్చే మిషన్ ఉంది, అది ఐదు తప్ప ఇంకోటి ముట్టదు. అందులోనూ పాత మందపాటి తెల్ల ఐదు వేస్తే ఠంగుమని కింద గిన్నెలో పడిపోతుంది. వెడల్పులో అదీ, 2011లో వచ్చిన పలచటి ఐదూ 23 మిల్లీమీటర్లే, పాతది మాత్రం తొమ్మిది గ్రాములు, పలచటిది ఆరు. కాబట్టి మందపాటివి ఏరి కూరగాయల బండికి, పలచటివి నీళ్ళకి. ఇరవై రూపాయల బిళ్ళ కూడా వస్తోంది ఇప్పుడు, పన్నెండు మూలలది, పదీ ఇరవై రెండూ 27 మిల్లీమీటర్లే కాబట్టి కరెంటు పోయినప్పుడు అంచు తడిమి చూసుకుని ఇవ్వండి.

ఇదంతా మాలాంటి అద్దె ఇళ్ళకి. చిత్తూరులో మా అత్తగారింట్లోలా అన్నదమ్ములు, పిల్లలు, పెద్దవాళ్ళు కలిసుండే చోట మూత లేని డబ్బా సాయంత్రానికి ఖాళీ, పిల్లలు బంకు (బడ్డీకొట్టు) దగ్గర తేలతారు. అక్కడ ఒక్కరి చేతికే అప్పజెప్పాలి, ఆ ఒక్కరూ అత్తగారైతే ఇంకా మంచిది, ఆమె పోపుల డబ్బాలో ఎంతుందో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తుంటే డబ్బాలో వాటా ఇవ్వాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదు. అడ్వాన్సు లెక్క, గ్యాసు డిపాజిట్ లెక్క పైసాతో సహా తేల్చుకోండి, డబ్బా జోలికి పోకండి. కొత్తగా వచ్చే అమ్మాయి మొదటి రోజే వంద రూపాయల చిల్లర తెచ్చి అందులో వేస్తే చాలు, ఆ మాట ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడే చెప్పేయండి.