భీమవరం నుంచి హైదరాబాద్: విమానం మధురపూడిలో ఎక్కాలా, గన్నవరంలో ఎక్కాలా?

అమ్మను మూడు నెలలకోసారి గుండె డాక్టరుకు చూపించడానికి హైదరాబాద్ తీసుకెళ్తుంటాను. రాత్రి రైల్లో ఆమెకు నిద్ర పట్టదు, మోకాళ్లు పట్టేస్తాయి. అందుకే విమానం. టికెట్ తీసే ప్రతిసారీ ఇంట్లో ఒకటే చర్చ: రాజమండ్రి వైపు మధురపూడికి వెళ్దామా, విజయవాడ వైపు గన్నవరం వెళ్దామా?

గాలిలో కొలిస్తే గన్నవరం నుంచి శంషాబాద్‌కు సుమారు 265 కిలోమీటర్లు, మధురపూడి నుంచి 360. వంద కిలోమీటర్లు తక్కువ కదా అని తమ్ముడు ఎప్పుడూ గన్నవరమే అంటాడు. కానీ చిన్న ఏటీఆర్ విమానం కూడా గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వంద కిలోమీటర్లకు పట్టేది 12 నిమిషాలే. విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగడం రెండుచోట్లా ఒకటే కాబట్టి, ఎక్కడి నుంచి ఎక్కినా గంట, గంటంపావులో శంషాబాద్‌లో ఉంటాం.

అసలు టైం పోయేది రోడ్డు మీద. భీమవరం నుంచి రెండూ ఇంచుమించు వంద కిలోమీటర్లే గానీ దారులు వేరు. మధురపూడికైతే తణుకు చేరగానే నాలుగు వరసల హైవే ఎక్కేస్తాం. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి దాటి, కడియం నర్సరీలు చూసుకుంటూ వెళ్లిపోవచ్చు. అమ్మ రెండు నదులకూ దండం పెట్టుకుంటుంది. భయమల్లా వంతెనల మీదే: సిద్ధాంతం దగ్గర మరమ్మతులు పెట్టారంటే బండ్లు బారులు తీరతాయి. అందుకని నేను అరగంట ఎక్కువ వేసుకునే బయల్దేరతాను. గంట ముందే కౌంటర్ మూసేస్తారు, ఆ టెన్షన్ గుండె జబ్బు మనిషికి పెట్టకూడదు.

గన్నవరానికి ఆకివీడు, కైకలూరు, గుడివాడ మీదుగా వెళ్తే ఊళ్లన్నీ రోడ్డు మీదే. చేపల లారీల వెనక పడితే దాటడం కష్టం. ఒకసారి గుంటలకు అమ్మ నడుం పట్టేసి రెండు రోజులు లేవలేదు. తాడేపల్లిగూడెం దాకా వెళ్లి హైవే పట్టుకోవడమే నయం. అయితే గన్నవరానికి ఒక పెద్ద బలముంది. విమానాలు ఎక్కువ. డాక్టరు అపాయింట్‌మెంట్ మధ్యాహ్నానికి మారినా సరిపోయే విమానం దొరికే అవకాశం అక్కడే ఎక్కువ.

అమలాపురం, రాజోలు, కాకినాడ వాళ్లకు ఈ ఆలోచనే అక్కర్లేదు, మధురపూడే. ఢిల్లీ వెళ్లేవాళ్లకు కూడా 2024 డిసెంబరులో అక్కడి నుంచి నేరుగా విమానం మొదలైంది. గాలి దూరంలో ఢిల్లీకి గన్నవరం కంటే మధురపూడే కాస్త దగ్గర.

శంషాబాద్ నుంచి కూకట్‌పల్లిలో చెల్లి ఇంటికి ఇంకో గంట. అన్నీ కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి ఆరున్నర గంటలు. రైలైతే రాత్రంతా పడుతుంది, కానీ లింగంపల్లి బండి చెల్లి ఇంటి దగ్గర్లోనే దింపుతుంది. నేనొక్కడినే వెళ్తే రైలే ఎక్కుతాను.

అమ్మతో అయితే మధురపూడికే నా ఓటు. సంక్రాంతి వెళ్లిన వారం మరీనూ. పండక్కి వచ్చిన కార్లన్నీ ఏలూరు, హనుమాన్ జంక్షన్ మీదుగానే హైదరాబాద్ తిరుగుముఖం పడతాయి. మనం వాటికి ఎదురుగా రావులపాలెం వైపు వెళ్తాం. ఈసారి విమానం ఉదయం పదింటికి. డ్రైవరును అయిదున్నరకల్లా గుమ్మంలో ఉండమన్నాను.