వండర్‌లానా, రామోజీనా? వరంగల్ నుంచి ఈ 2021 దసరాకు ఏది మేలు?

మా వంటింటి దర్వాజ మీద పెన్సిల్ గీతలుంటాయి. పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి గీసినవి. అందులో ఒక గీత పక్కన 2020 ఉగాది అని రాసి ఉంది. లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. బయటికి పోయే దారి లేక, పొద్దుపోక గీశాం. అప్పుడు పెద్దోడు 132 సెంటీమీటర్లు. పోయిన ఆదివారం మళ్ళీ కొలిస్తే 141.

ఈ తొమ్మిది సెంటీమీటర్ల వల్ల మా టూర్ ప్లాన్ మొత్తం మారిపోయింది.

అసలు 2020 ఎండాకాలం సెలవులకు రామోజీ ఫిల్మ్ సిటీ అనుకున్నాం. రెండు రోజులు, ఒక రాత్రి అక్కడే. హన్మకొండలో ఒక ట్రావెల్స్‌లో అడ్వాన్స్ కూడా కట్టాను. తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. పార్కులు మూతపడ్డాయి, ట్రావెల్స్ షట్టర్ దిగింది. ఏడాది పాటు ఫోన్లు చేయగా చేయగా సగం డబ్బులు వచ్చాయి. మిగతా సగం ‘ఈసారి టూర్‌లో అడ్జస్ట్ చేస్తాం సార్’ అన్నారు. ఆ అడ్జస్ట్‌మెంట్ నాకొద్దు. ఈసారి ఎక్కడికి పోయినా టికెట్ నేరుగా పార్కు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే తీస్తాను. తీసేముందు, మళ్ళీ ఏదైనా జరిగి మూసేస్తే తేదీ మార్చుకోనిస్తారా, డబ్బులు వాపస్ ఇస్తారా అన్నది చదువుతాను. ఇదివరకు ఆ చిన్న అక్షరాలు ఎవరు చదివారు కనుక!

ఇప్పుడు రెండూ తెరిచారు. రైడ్ల పార్కు వండర్‌లా ఈ 2021 ఆగస్టులోనే మళ్ళీ మొదలైంది. రామోజీ ఫిల్మ్ సిటీ పర్యాటకుల కోసం మొన్న అక్టోబర్ 8న తలుపులు తీసింది. పిల్లలకు దసరా సెలవులు, స్కూళ్ళు తెరిచి నెల దాటిందో లేదో. ఇంట్లో రోజూ అదే పంచాయితీ.

ముందు దారి సంగతి. వరంగల్ వాళ్ళలో చాలామంది ఈ రెండూ ‘హైదరాబాద్‌లో ఉన్నాయి’ అనుకుని సిటీలోకి దూరి ఇరుక్కుంటారు. ఆ పని చేయకండి. జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ దాటాక ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయాలి. అది తొమ్మిదో నంబర్ ఎగ్జిట్. అక్కడి నుంచి దక్షిణంగా పోతే పదకొండో నంబర్ పెద్ద అంబర్‌పేట. అక్కడ దిగి విజయవాడ రోడ్డు పడితే రామోజీ ఫిల్మ్ సిటీ. దిగకుండా ఇంకాస్త ముందుకు పోతే పదమూడో నంబర్ రావిర్యాల. దిగగానే వండర్‌లా. రెండూ మనకు నూట యాభై కిలోమీటర్లకు అటూ ఇటూనే. ఉప్పల్ దగ్గర ఫ్లైఓవర్ పనుల దుమ్ము తినక్కర్లేదు, ఎల్‌బీ నగర్ సిగ్నల్ దగ్గర నిలబడక్కర్లేదు. సొంత కారో, మాట్లాడుకున్న కారో ఉంటే దారి విషయంలో రెండింటికీ తేడా లేదు.

కారు లేకపోతే మాత్రం తేడా ఉంది. కరోనా వల్ల ఈ 2021 అక్టోబర్‌లో రైళ్ళు ఇంకా స్పెషల్ పేరుతోనే నడుస్తున్నాయి, ఎప్పటిలా కాజీపేటలో జనరల్ టికెట్ కొనుక్కుని ఎక్కేద్దామంటే కుదరదు. హన్మకొండ నుంచి బస్సులో ఉప్పల్‌లో దిగితే, అక్కడి నుంచి ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ మీదుగా రామోజీకి పోవడం కొంత సులువు, ఎందుకంటే అది విజయవాడ హైవే మీద ఉంది. రావిర్యాలకు అట్లా కాదు. ఇద్దరు పిల్లలు, రెండు బ్యాగులతో బస్సులు మారుతూ పోతే వెళ్ళేసరికే సగం ఓపిక అయిపోతుంది. బస్సులో పోయేవాళ్ళకు నా సలహా రామోజీయే.

టైమ్ విషయానికొస్తే వండర్‌లా గేటు పదకొండుకు తీస్తారు, రామోజీలో తొమ్మిది నుంచే లోపలికి పంపిస్తారు. వరంగల్‌లో కూర్చుని చూస్తే ఈ రెండు గంటలు పెద్ద లెక్క. వండర్‌లాకైతే ఏడున్నరకు టిఫిన్ తిని బయల్దేరినా సరిపోతుంది. రామోజీకి అంత ఆలస్యంగా పోతే డబ్బులు దండగ. అక్కడ బస్సు టూర్ ఉంది, షోలకు టైమింగ్స్ ఉన్నాయి, సాయంత్రం ముగింపు ప్రోగ్రాం ఉంది. అన్నీ చూడాలంటే తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి. అంటే ఇంటి దగ్గర ఐదున్నరకే తాళం వేయాలి. ఏడాదిన్నరగా ఆన్‌లైన్ క్లాసులని పొద్దున ఎనిమిదింటికి, అదీ దుప్పట్లోంచే హాజరు పలికిన పిల్లలు వీళ్ళు!

ఇక ఎవరికి ఏది పనికొస్తుందన్నది అసలు ప్రశ్న. వండర్‌లాలో అంతా ఎత్తు లెక్క. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్. 140 దాటితే వయసు పదకొండైనా సరే, పెద్దవాళ్ళ టికెట్టే. వళ్ళు జలదరించే పెద్ద రైడ్లకు కూడా దాదాపు ఆ 140 గీతే. 2020లో పోయి ఉంటే మావాడు రికాయిల్ కింద నిలబడి పైకి చూస్తూ ఏడ్చేవాడు. ముందుకు పల్టీలు కొట్టుకుంటూ పోయి, మళ్ళీ అదే దారిలో వెనక్కి పల్టీలు కొట్టే కోస్టర్ అది. ఇప్పుడు 141తో దర్జాగా ఎక్కుతాడు. నాకు టికెట్ మీద పడే అదనపు ఖర్చు వాడికెందుకు? “డాడీ, బూట్లు వేసుకుంటే 143” అంటున్నాడు. బూట్లు విప్పించి కొలుస్తారేమోనని నా అనుమానం. అట్లయినా 141 ఉన్నాడు కాబట్టి టెన్షన్ లేదు.

మీ ఇంట్లో పిల్లలు 130 దగ్గర ఉంటే తొందరపడి అక్కడికి తీసుకుపోకండి. అన్నీ కళ్ళముందు తిరుగుతుంటాయి, సగం ఎక్కనివ్వరు. మా చిన్నది 104. దానికి పిల్లల రైడ్లు, నీళ్ళు చాలు. మధ్యలో వాళ్ళకే వస్తుంది తిప్పలు.

పెరిగింది పిల్లలే కాదు. ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసి చేసి నా పొట్ట పెరిగింది, జనవరి నుంచి బీపీ మాత్ర కూడా మొదలైంది. గుండె జబ్బు, బీపీ, నడుం నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు పెద్ద రైడ్లు ఎక్కవద్దని బోర్డులు పెడతారు. పాతికేళ్ళ వాళ్ళ కోసం పెట్టింది కాదు ఆ బోర్డు, నాలాంటి వాళ్ళ కోసమే. మరి వాడి పక్కన ఎవరు కూర్చోవాలి? దానికి మా బామ్మర్దిని మాట్లాడాను. ఇట్లాంటివాటికి పిలిస్తే వాడు చేతిలో పని అక్కడే వదిలేసి వస్తాడు.

అమ్మ సంగతి వేరు. అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. రెండు డోసులూ అయిపోయాయి, అయినా ఏడాదిన్నరలో భద్రకాళి గుడికి తప్ప ఎక్కడికీ పోలేదు. వండర్‌లా వీడియో చూపిస్తే, “గా గిరగిర తిరిగేటివి ఎక్కెతందుకు గంత దూరం పోవుడెందుకు బిడ్డా, ఐనవోలు జాతరల రంగులరాట్నం లేదా?” అంది. ఆమెకు రామోజీయే సరి. 1996లో మొదలైన ఆ స్టూడియో 1,666 ఎకరాలు, ప్రపంచంలో అంత పెద్ద ఫిల్మ్ స్టూడియో ఇంకోటి లేదని గిన్నిస్ రికార్డు. అంత జాగా నడిచి చూడక్కర్లేదు, బస్సులో కూర్చోబెట్టి తిప్పుతారు. విమానాశ్రయం, రైల్వే స్టేషన్, భాగవతం సెట్, బాహుబలి సెట్, తోటలు, పక్షుల పార్కు చూడొచ్చు. సినిమాల్లో ఇన్నేళ్ళుగా చూస్తున్న రైల్వే స్టేషన్ ఉత్త అట్టముక్కల పని అని తెలిసినప్పుడు ఆమె మొహం చూడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. కాకపోతే బస్సు దిగి ఎక్కడం ఎక్కువే ఉంటుంది, ఎండ ఉంటుంది. మోకాళ్ళు బాగా నొచ్చేవాళ్ళను తీసుకుపోతే ఏసీ బస్సు ఉండే ఖరీదు ప్యాకేజీ చూసుకోవడం మంచిది. రాత్రి ఉండటానికి లోపలే సితార, తార లాంటి హోటళ్ళున్నాయి. రావిర్యాలలో పార్కు లోపల ఉండే వసతి లేదు, సాయంత్రం బయటికి రావాల్సిందే.

వండర్‌లాలో నీళ్ళ వైపు పోవాలంటే బట్టల సంగతి ముందే చూసుకోవాలి. కాటన్ ప్యాంట్లు, చీరలు, చుడీదార్లతో నీళ్ళ రైడ్లు ఎక్కనివ్వరు. నైలాన్ లాంటి బట్టలే వేసుకోవాలి. లోపల దుకాణంలో దొరుకుతాయి కానీ, అక్కడి ధర చూశాక వరంగల్ చౌరస్తా గుర్తొస్తుంది. ఇక్కడే ఫుట్‌బాల్ నిక్కర్లు, టీషర్టులు కొనుక్కుని పోండి. నీళ్ళ రైడ్లు మధ్యాహ్నానికి గానీ తెరవరు. కాబట్టి వెళ్ళగానే తలకిందులు చేసేవన్నీ ముగించి, తర్వాత తేలిగ్గా తిని, అప్పుడు వేవ్ పూల్‌లో పడితే రోజు సాఫీగా పోతుంది. బిర్యానీ తిని కోస్టర్ ఎక్కితే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు.

కరోనా భయం మాటేంటి? ఈ 2021 అక్టోబర్ నాటికి పిల్లలకు ఇంకా టీకా వేయడం మొదలు కాలేదు. నీళ్ళలో మాస్కు నిలవదు, తడిస్తే పనికిరాదు కూడా. రామోజీలో చాలావరకు ఆరుబయటే తిరగడం, కానీ షోలప్పుడు హాల్లో పక్కపక్కనే కూర్చోవాలి, బస్సులోనూ అంతే. భయం పూర్తిగా పోయినవాళ్ళకే రెండూ. ఎవరికైనా దగ్గు, జలుబు ఉంటే తేదీ మార్చుకోవడమే మర్యాద. నా వరకు ఇందులో రెండూ సమానమే, జనం తక్కువున్న రోజు చూసుకుని పోవడమే మన చేతుల్లో ఉన్నది.

ఆ లెక్కకొస్తే, నన్ను అసలు ఒక వైపుకు మొగ్గేట్టు చేసింది ఇంకొకటి. ఒకటి తెరిచి రెండు నెలలైంది, ఇంకొకటి నాలుగు రోజులు కూడా కాలేదు. నెలల తరబడి ఆగిన చోటు మళ్ళీ గాడిన పడటానికి టైమ్ పడుతుంది. రైడ్లను రోజూ పొద్దున మనుషుల్ని ఎక్కించకముందు ఖాళీగా తిప్పి చూస్తారు, అది మామూలే. కానీ టికెట్ కౌంటర్ దగ్గర మనిషి, క్యాంటీన్‌లో వంటమనిషి, బస్సు డ్రైవరు, స్టంట్ షో చేసే కుర్రాళ్ళు, ఇంతమందీ మళ్ళీ అలవాటు పడాలి. పైగా తెరిచిన మొదటి వారం, దసరా సెలవులు! రాష్ట్రంలో ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చున్నవాళ్ళందరూ అటే పోతారు. ఇట్లాంటప్పుడు కొత్తగా తెరిచిన చోటికి మొదటి వరుసలో పోవడం నాకిష్టం ఉండదు. కొత్త హోటల్‌కైనా నెల తర్వాతే పోతాను.

మూడో దారి ఒకటుంది. రామప్పకు మొన్న జులైలోనే యునెస్కో గుర్తింపు వచ్చింది, లక్నవరం చెరువు ఈ వానలకు నిండుగా ఉంది. పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు, పెట్రోలు తప్ప పెద్ద ఖర్చు లేదు. మా పెద్దోడు ఒక్క ముక్కలో తేల్చేశాడు, “అది స్కూల్ టూర్” అని. ఇంకో పదేళ్ళకు వాడే తన స్నేహితుల్ని తీసుకుపోతాడులెండి.

ఖర్చు పెద్దగా సాగదీయను. ఈ 2021 ధరల్లో రెండు చోట్లా పెద్దవాళ్ళకు తలా వెయ్యికి అటూ ఇటూ అవుతుంది, దాని మీద తిండి. లీటరు పెట్రోలు నూరు దాటింది, రానుపోను మూడు వందల కిలోమీటర్లు. రామోజీలో రాత్రి ఉంటే లెక్క ఇంకోలా ఉంటుంది.

రోజు తేల్చడమే కష్టమైంది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో మా ఇంటి ఆడవాళ్ళను కదిలించడం ఎవరి తరమూ కాదు. సద్దుల రోజు అసలే కాదు. పండుగ నాడు జమ్మి, పాలపిట్ట. పండుగ తర్వాత శని, ఆదివారాలు, అంటే జాతరే. మిగిలింది పండుగకు ముందు మంగళవారం. ఆ రోజు నేను, బామ్మర్ది, పిల్లలిద్దరూ వండర్‌లాకు. అమ్మ, మా ఆవిడ పూలు తెంపుకుంటూ ఇంట్లోనే. సంక్రాంతి సెలవులకు అందరం రామోజీకి, ఒక రాత్రి ఉండేట్టు. అప్పటికి అక్కడ అన్నీ కుదురుకుంటాయి, ఎండ కూడా తగ్గుతుంది.

ఈ మాట చెప్పగానే అమ్మ లేచి చింతపండు నానేసింది. బయటి తిండి లోపలికి రానివ్వరని చెప్పాను.

“లోపలికెవరు తీస్కపొమ్మన్నరు? గేటు బయట కార్ల కూసోని తినుండ్రి” అంది. పులిహోర, సత్తుపిండి, దారికి మురుకులు. మంగళవారం పదకొండు గంటలకు రావిర్యాల పార్కింగ్‌లో డిక్కీ తెరిచి నిలబడి పులిహోర తింటున్నవాళ్ళు కనిపిస్తే, మేమే.