కారులో యాంప్ పెట్టిస్తున్నారా? ఎర్త్ ఎక్కడ బిగించారో చూశాకే డబ్బులివ్వండి

కోపం ఇంకా తగ్గలేదు, అయినా రాసేస్తున్నా. మన వైజాగ్‌లోనే, అందరూ వెళ్లే షాపే. యాంప్ (స్పీకర్లకి పవర్ పెంచే ఆంప్లిఫయర్), సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) ఫిట్టింగ్. ఇంజిన్ స్టార్ట్ చేయగానే స్పీకర్లలో కీ... అని కూత. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది. తిరిగి తీసుకెళ్తే షాపతను ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఆల్టర్నేటర్ సౌండ్ సార్, అన్ని కార్లకీ ఉంటుంది. పాట పెంచుకుంటే వినపడదు" అన్నాడు. పైగా ఫిల్టర్ వేయిస్తే పోతుందట, దానికి వేరే డబ్బులట!

పచ్చి అబద్ధం. డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే తెలిసింది. ఎర్త్ వైరు (యాంప్ మైనస్‌ని కారు బాడీకి కలిపేది) రింగు కింద పెయింట్ చెక్కు చెదరలేదు, నిగనిగలాడుతోంది. పెయింట్ మీద బిగిస్తే ఎర్త్ సరిగా అందదు. యాంప్ ఎర్త్‌కీ ముందున్న స్టీరియో ఎర్త్‌కీ వోల్టేజ్ తేడా వస్తుంది, దాంతో కరెంటు ఆర్‌సీఏ కేబుల్ (స్టీరియో నుంచి యాంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేది) లోపలి తీగ చుట్టూ ఉండే జాలీలోంచి దారి చూసుకుంటుంది. ఆ కూత అదే. పెయింట్ గీకి, మెరిసే ఇనుము మీద స్టార్ వాషర్ వేసి బిగించాలి. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా పైన గ్రీజు రాయాలి. ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, అడుగున్నర దాటకూడదు. సీటు బెల్టు బోల్టుకి మాత్రం బిగించనివ్వకండి.

ఆర్‌సీఏ, పవర్ వైరు రెండూ కలిపి టేపు చుట్టి ఒకే పక్క లాగారు. పవర్ ఒక పక్క, ఆర్‌సీఏ రెండో పక్క వెళ్లాలి. దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించాలి. కాపర్ అని బిల్లేసిన 4 గేజ్ (లావు కొలత) పవర్ వైరుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం! బిగించేటప్పుడే గీకి చూడాల్సింది, నాదే తప్పు. అన్నిటికంటే ఘోరం, ఫ్యూజ్‌ని యాంప్ దగ్గర పెట్టారు. అది బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. లేకపోతే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపేదేదీ ఉండదు, బండి తగలబడుతుంది.

షాపులోనే ఇంజిన్ ఆన్ చేసి, పాట పెట్టి, యాంప్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కి మల్టీమీటర్ పెట్టించండి. 0.1 వోల్ట్ దాటితే ఎర్త్ బాగోలేదని లెక్క. తర్వాత యాంప్ ఆపి ఆర్‌సీఏ పీకి మళ్లీ ఆన్ చేయండి. కూత ఆగితే అది ఆర్‌సీఏ దారిలో వస్తోంది, ఆగకపోతే యాంప్ పవర్, ఎర్త్ వైపు వెతకాలి. ఇవన్నీ చూడకుండా ఫిల్టర్ కొనకండి, చవకరకాలు బేస్‌ని కూడా తినేస్తాయి.