స్నానాల నీళ్లు ఫ్లష్‌లకు: మా హనుమకొండ అపార్ట్‌మెంట్‌లో పెట్టించిన ప్లాంట్ ఎలా ఉందంటే

ఎండలు ముదిరితే చాలు, మా బోరు గాలి కొడుతుంది, ట్యాంకర్ల కోసం ఫోన్లు మొదలవుతాయి. అసోసియేషన్ సెక్రటరీగా ఆ టెన్షనంతా నాదే. అందుకే స్నానాల నీళ్లు, వాషింగ్ మెషీన్ల నీళ్లు శుద్ధి చేసి టాయిలెట్ ఫ్లష్‌లకు వాడే ప్లాంట్ పెట్టించాం. పని చేసింది ఇక్కడి కాంట్రాక్టరే. ఒక ఎండాకాలం గడిచింది కాబట్టి మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

మన దేశంలో పట్టణాలకు వేసే లెక్క ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలి. అందులో 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. మా 24 ఫ్లాట్లలో తొంభై మంది దాకా ఉంటాం. అంటే రోజూ 4,000 లీటర్ల మంచినీళ్లు మోటార్ పెట్టి మేడ మీదికి ఎక్కించి మరీ టాయిలెట్లలో పోస్తున్నామన్నమాట. పాకాల, రామప్ప లాంటి చెరువులు తవ్విన నేల మీద ఉంటూ ఇలా చేయడం నాకు నిజంగా బాధగా ఉండేది.

మా బిల్డింగ్ పాతదే. కానీ లెట్రిన్ పైపు వేరుగా, బాత్రూముల నహాని ట్రాప్‌ల (నేల మీద నీళ్లు పోయే జాలీల) నుంచి వచ్చే పైపు వేరుగా కిందికి దిగుతాయి. ఇదే మాకు కలిసొచ్చింది. వంటింటి సింకుల నీళ్లు కూడా కలుపుదామని కొందరన్నారు. ప్లంబర్ ఒప్పుకోలేదు. "వద్దు మేడం, నూనె జిడ్డు కంకర మీద పేరుకుంటది, కొన్నాళ్లకు కంపు లేస్తది" అన్నాడు. మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన నిర్ణయం అదే.

నీళ్లు ముందు జాలీలో పడతాయి, వెంట్రుకలు అక్కడే ఆగుతాయి. తర్వాత మడ్డి దిగే తొట్టి. అక్కడి నుంచి మెట్టతామర మొక్కలు నాటిన కంకర మడి. నీళ్లు కంకర అడుగునే పారతాయి, పైన చేత్తో తాకితే పొడిగా ఉంటుంది. అందుకే దోమల బెడద లేదు. హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గర 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో కూడా మురుగునీటిని ఇలా మొక్కల వేళ్లతోనే శుద్ధి చేస్తారు. మా దాంట్లో చివర ఇసుక, బొగ్గు ఫిల్టర్లు కూడా ఉన్నాయి. లోపలికి వెళ్లే నీళ్లు సబ్బు నురగతో పాలలా ఉంటాయి. బయటికొచ్చినవి గాజు సీసాలో పట్టి చూస్తే లేత పసుపు, వాసన లేదు.

ఒక్క దగ్గర మాత్రం కాంట్రాక్టర్‌తో గట్టిగా వాదించాల్సి వచ్చింది. రీసైకిల్ నీళ్లు తక్కువైతే బోరు నీళ్లు రావడానికి రెండు లైన్లనూ ఒక వాల్వ్‌తో కలుపుతానన్నాడు. వాల్వ్ లీకైతే రీసైకిల్ నీళ్లు తాగే నీళ్లలోకి వస్తాయి కదా! చివరికి ఫ్లష్ ట్యాంకులో నీటిమట్టానికి జానెడు పైనే బోరు పైపు ఆగేలా పెట్టించాం, నీళ్లు పైనుంచి పడాల్సిందే. ఎవరు పెట్టించుకున్నా దీని మీద అస్సలు రాజీపడొద్దు.

ఇక సర్వీసు. చివరి పేమెంట్ అందేదాకా రోజూ వచ్చిన మనిషి ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నెలనెలా ఫిల్టర్ బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు దిశలో పంపి మురికి కడగడం) చేయిస్తామన్న మాట గాలికి పోయింది, నీళ్లు సన్నగా రావడం మొదలైంది. మా వాచ్‌మన్ వేరే మెకానిక్ దగ్గర నేర్చుకుని ఇప్పుడు తనే చేస్తున్నాడు. సంక్రాంతికి అందరం ఊళ్లకు వెళ్తే తొట్టిలో నీళ్లు నిలిచి వాసన కొట్టాయి. ఇవి ఒక రోజుకు మించి నిల్వ ఉండకూడదు, తాళం వేసి వెళ్లేముందు డ్రైనేజీలోకి వదిలేయాలన్న సంగతి మాకు ముందే చెప్పాల్సింది.

పనికి 5కి 4 ఇస్తాను, సర్వీసుకు 1. ఈ ఎండాకాలం ట్యాంకర్లు సగానికి పైగా తగ్గాయి. మీ బిల్డింగ్‌లో అన్నీ ఒకే పైపులో దిగుతుంటే గోడలు పగలగొట్టించి మరీ దీని జోలికి వెళ్లకండి. రెండు పైపులుంటే పెట్టించండి, కానీ ఏడాది బ్యాక్‌వాష్ పూర్తయ్యేదాకా కొంత డబ్బు మీ దగ్గరే ఉంచుకుంటామని అగ్రిమెంట్‌లో రాయించుకోండి.